ఉష్ణమండల ద్వీపంలో సెలవులు: సముద్రాన్ని బట్టి రోజును మలచుకునేందుకు సమగ్ర మార్గదర్శి

ఉష్ణమండల ద్వీపానికి సెలవుల మీద వెళ్ళేవారిలో చాలామంది చూడవలసిన ప్రదేశాల జాబితా చేతిలో పెట్టుకుని బయలుదేరతారు. జాబితాలో తప్పు లేదు గానీ, ఏ ప్రదేశానికి ఏ వేళలో వెళ్ళాలన్నది అందులో సాధారణంగా ఉండదు. ఉదయం ఛాతీ లోతు నీళ్ళతో, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేటగా కనిపించిన లాగూన్ (పగడపు దిబ్బల మరుగున నిలిచే ప్రశాంతమైన సముద్రపు నీరు) మధ్యాహ్నానికి మోకాలి లోతుకు తగ్గిపోయి, ఈత కొడితే పగడాలు ఒరుసుకునే స్థితికి రావచ్చు. అదే తీరం రాత్రి మరో రకం ప్రాణులతో నిండిపోతుంది. అందువల్ల ఆటుపోట్లు, గాలి, చంద్రకళ అనే మూడింటినీ ముందుగా చూసుకుని, ఆ తరువాత ప్రదేశాలను ఎంచుకోవడం మేలని నా గట్టి నమ్మకం. ఆ పద్ధతిని ప్రయాణ సన్నాహం మొదలుకొని తిరుగు ప్రయాణం వరకు కింద వరుసగా వివరిస్తున్నాను.

మొదటి అడుగు: ద్వీపం ఏ రకానిదో తెలుసుకోవడం

చిత్రాలలో అన్ని ద్వీపాలూ ఒకేలా కనిపిస్తాయి కానీ, పుట్టుకను బట్టి వాటిలో చూడగలిగినవి పూర్తిగా మారిపోతాయి. హవాయి, తాహితి, రీయూనియన్, మారిషస్, బాలి వంటివి అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఎత్తైన ద్వీపాలు. వాటిలో కొండలు, జలపాతాలు, అడవులు, కొన్నిచోట్ల నల్లని ఇసుక తీరాలు ఉంటాయి. మాల్దీవులు, లక్షద్వీప్ వంటివి పగడపు వలయాలు. అక్కడి నేల సాధారణంగా సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లకు మించి లేవదు, ఊరు దాటితే ఇసుకా నీళ్ళే కనిపిస్తాయి. సీషెల్స్‌లోని మాహె, ప్రలిన్, లా డీగ్ దీవులు ఈ రెండు రకాలకూ చెందవు. అవి సుమారు 75 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్‌తో ఏర్పడినవి, పురాతన భూఖండం నుంచి విడిపోయి మిగిలిన ముక్కలు.

పగడపు వలయం ఎలా ఏర్పడుతుందో తెలిస్తే లాగూన్‌ను చూసే చూపే మారుతుంది. అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పెరుగుతాయి, పర్వతం నెమ్మదిగా కుంగిపోతుంది, పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి, చివరికి పర్వతం మునిగిపోయి వలయం మిగులుతుంది అని చార్లెస్ డార్విన్ 1842లో ప్రతిపాదించాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ వలయం మీద లోతుగా తవ్వినప్పుడు, 1,200 మీటర్లకు పైగా మందమున్న పగడపు సున్నపురాయి కింద అగ్నిపర్వత శిల నిజంగానే తగిలింది.

ఎంపిక విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. కుటుంబంలో వేర్వేరు వయసుల వారు ఉంటే, లేదా ఎవరికైనా ఈత రాకపోతే, ఎత్తైన ద్వీపాన్ని ఎంచుకోండి. వర్షం పడినా, సముద్రం పొంగినా లోతట్టు ప్రాంతంలో చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది. సముద్రం తప్ప మరేమీ అక్కర్లేదనుకునే వారికి పగడపు వలయాన్ని మించినది లేదు.

రెండవ అడుగు: నెలను, ఆ తరువాత తీరాన్ని ఎంచుకోవడం

ఉష్ణమండలంలో వేసవి, చలికాలం అనే విభజన కన్నా తడి కాలం, పొడి కాలం అనే విభజనే ముఖ్యం. మాల్దీవులలో సాధారణంగా డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు పొడి కాలం. బాలిలో నవంబరు నుంచి మార్చి వరకు వానలు ఎక్కువ. కరేబియన్ దీవులున్న అట్లాంటిక్ ప్రాంతంలో తుఫానుల కాలాన్ని జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు లెక్కిస్తారు. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలోనూ, దక్షిణ పసిఫిక్‌లోనూ అది నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉంటుంది. భూమధ్యరేఖకు ఇరువైపులా దాదాపు 5 డిగ్రీల లోపు తుఫానులు అరుదుగా ఏర్పడతాయి కాబట్టి, ఆ పట్టీలోని దీవులకు ఈ భయం తక్కువ.

నెల ఎంత ముఖ్యమో, ద్వీపంలో బస చేసే వైపు కూడా అంతే ముఖ్యం. గాలి ఎదురుగా తగిలే తీరంలో మేఘాలు కొండలకు ఆని వర్షిస్తాయి, అవతలి వైపుకు పొడి గాలి మాత్రమే దిగుతుంది. హవాయి దీవులలో పెద్దదైన బిగ్ ఐలాండ్‌లో తూర్పున ఉన్న హీలో పట్టణంలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, అదే దీవి పడమటి తీరంలో కొన్నిచోట్ల అందులో పదోవంతు కూడా పడదు. అందుచేత గది బుక్ చేసే ముందు, మీరు వెళ్ళే నెలలో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో చూసి, దానికి మరుగున ఉన్న తీరంలో బస ఏర్పాటు చేసుకోండి. స్నార్కెలింగ్‌కు, అంటే మాస్క్, ఊపిరి గొట్టంతో నీటి మీద తేలుతూ అడుగును చూడడానికి, కావలసిన ప్రశాంతమైన నీళ్ళు అక్కడే దొరుకుతాయి. జలపాతాలు, దట్టమైన అడవులు మాత్రం గాలి తగిలే వైపే ఉంటాయి. వాటికి ఒకరోజు ప్రయాణంగా వెళ్ళి రావచ్చు.

మూడవ అడుగు: ఆటుపోట్ల పట్టికను చదవడం

ఈ ఒక్క పని చేసినవారికి ద్వీపం రెండింతలు కనిపిస్తుంది. చాలా తీరాలలో రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నీటిమట్టం పెరుగుతుంది, రెండుసార్లు పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గుతాయి. ఈ వరుస మొత్తం పూర్తి కావడానికి సుమారు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది కనుక, ఈరోజు ఉదయం 8 గంటలకు పోటు వస్తే రేపు దాదాపు 8:50కి వస్తుంది. వారం గడిచేసరికి అదే ఉదయం 8 గంటలకు పాటు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా బాగా పెరుగుతుంది, అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది. అంటే క్యాలెండరులో తిథి చూసుకున్నా ఒక స్థూలమైన అంచనా వస్తుంది. కచ్చితమైన వేళలు మాత్రం ఆ తీరానికి సంబంధించిన పట్టికలోనే చూడాలి. పడవలు నడిపేవారి దగ్గర, ఫోన్ యాప్‌లలో అది దొరుకుతుంది.

తేడా ఎంత ఉంటుందన్నది ద్వీపాన్ని బట్టి మారుతుంది. జాంజిబార్ తూర్పు తీరంలో పెద్ద పోటు రోజులలో నీటిమట్టం సుమారు 4 మీటర్లు మారుతుంది. పాజె, జంబియాని ఊళ్ళ దగ్గర పాటు సమయంలో సముద్రం వందల మీటర్లు వెనక్కి వెళ్ళిపోగా, ఆ బయలులో మహిళలు పుల్లలకు కట్టిన తాళ్ళ మీద సముద్రపు నాచును సాగు చేయడం కనిపిస్తుంది. తాహితిలో దీనికి పూర్తి భిన్నం. అక్కడ చంద్రుని ప్రభావం దాదాపుగా కనిపించదు, సూర్యుని ప్రభావమే మిగులుతుంది. అందుచేత పోటు రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలోనే వస్తుంది, నీరు పెరిగేది కూడా చాలా స్వల్పం.

పట్టిక చేతికి వచ్చాక పనులను ఇలా పంచుకోండి. పగడపు దిబ్బ మీద ఈతకు పోటు పూర్తి కావడానికి ముందు గంట, తరువాత అరగంట అనువైన సమయం. అప్పుడు బయటి సముద్రపు తేటనీరు లోపలికి వస్తుంది, శరీరానికీ పగడాలకూ మధ్య తగినంత లోతు ఉంటుంది. రాతి గుంటలలోని ప్రాణులను చూడడానికి, ఇసుక తిన్నెల మీద నడవడానికి పాటు సమయం సరైనది. మడ అడవులలో చిన్న పడవ నడపాలంటే నీరు పెరుగుతున్నప్పుడే బయలుదేరాలి, లేకపోతే తిరిగి వచ్చేసరికి పడవ బురదలో కూరుకుపోతుంది. దిబ్బల మధ్య ఉండే కాలువల దగ్గరికి నీరు తగ్గుతున్న వేళలో ఈతకు ఎన్నడూ వెళ్ళకండి. లాగూన్‌లోని నీరంతా ఆ ఇరుకు దారి గుండానే బయటి సముద్రంలోకి లాగుకుపోతుంది.

నాలుగవ అడుగు: రోజుల వరుసను నిర్ణయించడం

గాలి సిలిండరుతో నీటి లోతుకు దిగే స్కూబా డైవింగ్ చేసేవారికి ఈ వరుస ప్రాణావసరం. లోతులో పీల్చిన నత్రజని శరీరం నుంచి నెమ్మదిగా బయటికి పోవాలి. అది పోకముందే గాలి పీడనం తక్కువగా ఉండే ఎత్తుకు వెళితే రక్తంలోనూ కండరాలలోనూ బుడగలు ఏర్పడతాయి. ఒకే డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలన్నది సాధారణంగా పాటించే నియమం. విమానం సంగతి చాలామందికి గుర్తుంటుంది, కొండల సంగతి గుర్తుండదు. హవాయిలోని మౌనా కియా ఎత్తు 4,205 మీటర్లు, రీయూనియన్‌లోని పిటాన్ దె నేజ్ ఎత్తు 3,070 మీటర్లు. ఉదయం డైవ్ చేసి సాయంత్రం అలాంటి శిఖరానికి వెళ్ళడం కూడా అంతే ప్రమాదకరం. కాబట్టి కొండలను మొదటి రోజులలోనూ, డైవింగ్‌ను మధ్య రోజులలోనూ పెట్టుకుని, చివరి రోజును తీరం దగ్గరి నడకలకూ ఊరు చూడడానికీ కేటాయించండి.

ఒక దీవి నుంచి మరో దీవికి పడవ మీద వెళ్ళవలసి ఉంటే ఉదయపు పడవనే ఎంచుకోండి, ఎందుకంటే మధ్యాహ్నానికి గాలి పుంజుకుంటుంది. కడుపులో తిప్పేవారు పడవ మధ్యలో, దిగువ భాగంలో కూర్చుని దూరపు క్షితిజరేఖను చూస్తూ ఉంటే చాలావరకు కుదుటపడుతుంది. తిరుగు విమానం ఉన్న రోజునే పడవ ప్రయాణం పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి ఖాళీగా ఉంచండి.

అయిదవ అడుగు: పగడపు దిబ్బను నెమ్మదిగా చూడడం

సముద్రపు అడుగులో పగడపు దిబ్బలు ఆక్రమించే భాగం ఒక శాతం కూడా ఉండదు, అయినా సముద్రజీవులలో దాదాపు నాలుగోవంతు జాతులు ఏదో ఒక దశలో వాటి మీద ఆధారపడతాయి. ద్వీపానికి వెళ్ళి నీళ్ళలో ముఖం పెట్టకుండా తిరిగి రావడం నిజంగా నష్టమే.

ముందు మాస్క్ సరిచూసుకోండి. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి లోపలికి పీల్చండి. చేయి వదిలినా మాస్క్ జారకుండా నిలిస్తే అది మీ ముఖానికి సరిపోయినట్టు. ఒక్క వెంట్రుక అంచు కింద ఇరుక్కున్నా నీరు కారుతుంది. మీసం ఉన్నవారు పై పెదవి మీద కొంచెం పెట్రోలియం జెల్లీ రాసుకుంటే కారడం తగ్గుతుంది. అద్దం లోపలి వైపు చిన్నపిల్లల షాంపూ ఒక చుక్క రుద్ది కడిగితే ఆవిరి పట్టదు.

తరువాత నడుము లోతు నీళ్ళలో, ఇసుక మీద నిలబడి, గొట్టంతో నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం అలవాటు చేసుకోండి. గొట్టంలోకి నీరు వస్తే ఒక్కసారి బలంగా ఊది బయటికి పంపడం కూడా అక్కడే సాధన చేయండి. ఇది కుదిరాక, లైఫ్ జాకెట్‌తో బోర్లా తేలుతూ, చేతులు ఆడించకుండా, కాళ్ళను తుంటి దగ్గర నుంచి మెల్లగా కదిలించండి. ప్రవాహం ఉంటే ముందుగా దానికి ఎదురుగా వెళ్ళండి, అలసిన తరువాత అదే మిమ్మల్ని ఒడ్డు వైపు తెస్తుంది. ఒంటరిగా వెళ్ళకండి. ఎంత అలసిపోయినా పగడాల మీద నిలబడకండి; గుండ్రని బండల్లా కనిపించే పగడాలు చాలావరకు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు, అంటే కాలి కింద విరిగే గుప్పెడు ముక్క ఎన్నో ఏళ్ళ పెరుగుదల.

ఇక చూడడం. అయిదు దిబ్బలను అరగంట చొప్పున చుట్టి రావడం కంటే ఒకే దిబ్బ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం వల్ల ఎక్కువ కనిపిస్తుంది. ఒక పెద్ద పగడపు బండను ఎంచుకుని, రెండు మూడు మీటర్ల దూరంలో కదలకుండా తేలండి. మొదట చేపలు సర్దుకుని దాక్కుంటాయి, కొద్ది నిమిషాలకు మిమ్మల్ని మరచిపోయి తమ పనుల్లో పడతాయి. అప్పుడు కటకటమనే శబ్దం వినిపిస్తుంది. అది ప్యారట్ ఫిష్ తన ముక్కులాంటి పళ్ళతో రాతిని కొరికే చప్పుడు. నాచు కోసం కొరికిన సున్నపురాయిని అది గొంతులోనే పిండి చేసి, కాసేపటికి వెనుక నుంచి తెల్లని ధూళిగా వదులుతుంది. అనేక పగడపు తీరాలలో మనం నడిచే తెల్లని ఇసుకలో చెప్పుకోదగ్గ భాగం ఇలా తయారైనదే.

మరికొంచెం ఓపిక పడితే చేపల శుభ్రతా కేంద్రం కనిపిస్తుంది. వేలెడంత పొడవున్న, నీలం మీద నల్లని చార ఉన్న క్లీనర్ రాస్ అనే చేప ఒక మూల నాట్యమాడినట్టు ఊగుతూ ఉంటుంది. దానికి పదింతలున్న చేపలు వచ్చి, నోరు, మొప్పలు తెరచి, తలకిందులుగానో నిటారుగానో నిశ్చలంగా నిలబడతాయి. చిన్న చేప ఆ నోటిలోకి వెళ్ళి పరాన్నజీవులను ఏరుకుని తింటుంది. వెనుక మరో చేప తన వంతు కోసం వేచి ఉంటుంది. పూవులా కనిపించే సముద్రపు ఎనిమోన్ అనే ప్రాణుల మధ్య ఉండే క్లౌన్ ఫిష్ గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే దాని జతగాడైన మగ చేపే ఆడదిగా మారుతుంది.

కొన్నిచోట్ల పగడాలు కాగితమంత తెల్లగా కనిపిస్తాయి. అది ఆరోగ్యం కాదు. నీటి ఉష్ణోగ్రత మామూలు వేసవి గరిష్ఠాన్ని ఒక డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిస్తే, పగడాలు తమలో ఉండి ఆహారాన్నీ రంగునూ ఇచ్చే సూక్ష్మ శైవలాలను వదిలేస్తాయి. 1998లోనూ, 2016 ప్రాంతంలోనూ ఇది ప్రపంచమంతటా జరిగింది. మనం చేయగలిగిన చిన్న పని ఒకటుంది: నీళ్ళలోకి దిగేటప్పుడు సన్‌స్క్రీన్ తక్కువ వాడి, పూర్తి చేతుల ఈత చొక్కా వేసుకోవడం. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని హవాయి 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. పసిఫిక్‌లోని పలావు దేశం అంతకు ఏడాది ముందే ఇలాంటి చట్టాన్ని అమలులోకి తెచ్చింది. బోర్లా తేలేవారికి వీపు, మోకాళ్ళ వెనుక భాగం తెలియకుండానే కాలిపోతాయి కాబట్టి చొక్కా మీ చర్మానికీ మంచిదే.

ఆరవ అడుగు: పాటు వేళ నడక, అలల దగ్గర జాగ్రత్త

పాటుకు గంట ముందు గట్టి అడుగున్న చెప్పులు వేసుకుని బయలుదేరి, నీరు తిరగడం మొదలుకాగానే వెనక్కి రండి. రాతి గుంటల మీద మీ నీడ పడకుండా కూర్చుంటే పీతలు, సముద్ర దోసకాయలు, రొయ్యలు కనిపిస్తాయి. వేటినీ చేత్తో తీయకండి. అందమైన గీతలున్న కోన్ నత్త గవ్వలో విషపు ముల్లు ఉంటుంది, కొన్ని జాతుల కాటు మనుషుల ప్రాణం తీస్తుంది. రాయిలా కదలకుండా పడి ఉండే స్టోన్ ఫిష్ ముల్లు గుచ్చుకుంటే, భరించగలిగినంత వేడి నీళ్ళలో, అంటే దాదాపు 45 డిగ్రీల సెల్సియస్ మించకుండా, ఆ భాగాన్ని ముంచి ఉంచి వెంటనే ఆసుపత్రికి చేరాలి.

అలలు విరిగే తీరంలో ఈతకు దిగే ముందు కొద్దిసేపు నీటిని గమనించండి. ఇరువైపులా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తే అదే రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగుకుపోయే ప్రవాహం. తెలియనివారు దానినే సురక్షితమని భావించి దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు పోరాడకుండా, తేలుతూ శక్తి నిలుపుకుని, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ తరువాత ఒడ్డుకు రావాలి.

ఏడవ అడుగు: లోతట్టు ప్రాంతం, అక్కడి మనుషుల చరిత్ర

ద్వీపాలలో మరెక్కడా లేని ప్రాణులు పుడతాయి, అంతే సులువుగా నశిస్తాయి కూడా. మారిషస్‌లో డోడో పక్షి పదిహేడవ శతాబ్దంలోనే అంతరించింది. అదే దీవిలోని మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి ప్రకృతిలో నాలుగే మిగిలాయి; వాటిని సంరక్షించి మళ్ళీ పెంచినందువల్ల ఈనాడు బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానంలో ఆ పక్షిని చూసే అవకాశం ఉంది. సీషెల్స్‌లోని ప్రలిన్ దీవిలో వాలె దె మే అనే తాటిజాతి వనాన్ని యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. మొక్కల ప్రపంచంలోనే అతి పెద్ద గింజ అయిన కోకో దె మేర్ అక్కడ చెట్ల మీద వేలాడుతూ కనిపిస్తుంది. ఇలాంటి చోట్ల ఉదయం తెరవగానే వెళ్ళండి, గైడ్‌ను తప్పక తీసుకోండి.

జలపాతం కింద స్నానం చేసేటప్పుడు నీరు ఒక్కసారిగా బురదరంగుకు మారితే వెంటనే గట్టు ఎక్కాలి. మీ తల మీద ఎండ ఉన్నా, కొండ మీద వాన పడి వరద దిగుతూ ఉండవచ్చు.

ఒక పూటను చరిత్రకు కేటాయించమని ప్రత్యేకంగా కోరుతున్నాను. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. 1834 నుంచి 1920 వరకు చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలుగా తీసుకువచ్చిన దాదాపు అయిదు లక్షల మంది ఆ దారినే నడిచారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడ మిగిలిన రాతి మెట్లను చూశాక, దీవి పొడవునా కనిపించే చెరకు తోటలు మరోలా కనిపిస్తాయి.

ఎనిమిదవ అడుగు: రాత్రిని వదులుకోకపోవడం

భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కాబట్టి, సూర్యాస్తమయం తరువాత అరగంటలోనే చీకటి పడుతుంది. అడవి దారిలోనో పడవలోనో ఉన్నవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులలో కొన్ని అఖాతాల నీటిలో చేయి ఆడిస్తే నీలికాంతి లేస్తుంది. నీరు కదిలినప్పుడు వెలిగే సూక్ష్మజీవుల వల్ల ఇది కలుగుతుంది. ప్యూర్టో రికోకు చెందిన వియెకెస్ దీవిలోని మస్కిటో బే ఇందుకు ప్రసిద్ధి. అక్కడ ఈతకు అనుమతి లేదు, కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో వెళ్ళి చూడాలి. అవే చీకటి రాత్రులలో ఆకాశం కూడా చూడండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాయంత్రం వేళ దక్షిణాన త్రిశంకు నక్షత్రాలు శిలువ ఆకారంలో స్పష్టంగా నిలబడతాయి.

తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే అధికారిక గైడ్‌తోనే వెళ్ళండి. తాబేలు ఒడ్డుకు ఎక్కుతున్నప్పుడు తెల్లని టార్చి వెలుగు పడితే అది గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. అందుకే గైడ్ ఎర్రటి మసక దీపం వాడతాడు, గుంట తవ్వడం పూర్తయి గుడ్లు పెట్టడం మొదలయ్యాకే వెనుక వైపు నుంచి దగ్గరికి రానిస్తాడు. పచ్చ తాబేలు ఒక్కో గూటిలో సుమారు నూరు గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. పిల్లలు ఆడవో మగవో ఇసుక వేడిమి నిర్ణయిస్తుంది. వేడెక్కువైతే ఆడవి ఎక్కువ.

చివరి అడుగు: నీరు, చెత్త, తిరుగు ప్రయాణం

చిన్న పగడపు దీవులలో మంచినీరు అంటే ఇసుక కింద ఉప్పునీటి మీద తేలే పలుచని వాననీటి పొర. సముద్రమట్టం కన్నా ఎత్తున ఉండే ఆ పొర పైమట్టం ఒక మీటరు తగ్గితే అడుగున ఉప్పునీరు సుమారు 40 మీటర్లు పైకి వచ్చే లెక్క ఉంది. కాబట్టి మాస్క్, కాళ్ళకు తొడిగే ఫిన్స్ కడగడానికి ఒక బకెట్ నీళ్ళు చాలు, కుళాయి తెరచి వదలకండి. బ్యాటరీలు, మందుల రేకులు, ప్లాస్టిక్ సీసాలు దీవిలో వదలకుండా వెంట తీసుకుని వెళ్ళండి.

తీరంలో ఏరిన గవ్వలను సంచిలో వేసుకోకండి. వెనుక భాగం మెత్తగా ఉండే సన్యాసి పీతలు పెరిగే కొద్దీ నివసించడానికి పెద్ద గవ్వలు వెతుక్కుంటాయి. పగడపు ముక్కలనైతే అనుమతి పత్రం లేకుండా దేశ సరిహద్దు దాటించడం అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నేరమవుతుంది. చివరి రోజు ఉదయం పట్టిక మరోసారి చూసి, పాటు వేళ తీరం వెంట ఒక నడక వెళ్ళి రండి, తడి బట్టలు ఆరడానికి కూడా ఆ సమయం సరిపోతుంది.